ఫ్రెంచి పట్టా: వాల్‌నట్ చెట్ల కింద

పోయిన వారం మనం కిషన్‌రావును క్రైస్ట్‌చర్చ్‌లో ఆర్కైవ్స్ ఆఫీసు మెట్ల మీద వదిలాం. చంకలో గొట్టంలా చుట్టిన పాత ప్లాను కాపీ, ముఖంలో సర్వీసు నాటి వెలుగు. జగిత్యాలలో డిప్యూటీ తహసీల్దారుగా రిటైరైన మనిషి, కొడుకు దగ్గర కొన్నాళ్లుండి పోదామని వచ్చి, కొడుకూ కోడలూ అకరోవా దాటాక ఒక లోయలో కొనుక్కున్న ఆరెకరాల మీద పడ్డాడు. ఈ దేశంలో భూమికి టైటిల్ అనేది ఒక్క కాయితమే అంటే ఆయనకు మింగుడుపడలేదు. "ఒక్క కాయితమా? మరి లింక్ డాక్యుమెంట్లేవి?" అంటూ వెనక్కి వెనక్కి వెళ్లి, 1840లో ఫ్రెంచి కంపెనీ ఓడలో తెచ్చి దింపిన సెటిలర్లకు తలా అయిదెకరాల దాకా ఇస్తామన్న కాలానికి చేరాడు.

అక్కడ దొరికిందాయనకు. ఎటియెన్ బెల్యర్డ్ అనే ఫ్రెంచివాడికి దక్కిన నేల, పక్క ఫారం జీన్ బెల్యర్డ్ గేటుకున్న ఇత్తడి పలక చెబుతున్న చోట లేదు. వాగుకి ఇవతల ఉంది. కోడలు వర్షిణి ఇల్లు కట్టుకోబోతున్న చదునులో ఉంది.

"ఈ సంగతి ఇంట్లోనే ఉంచండి మావయ్యగారూ," అని వర్షిణి చెప్పింది. ఆయన తల ఊపాడు.

తల ఊపినంత మాత్రాన విన్నట్టు కాదని ఆమెకు శనివారం పొద్దున కారులో తెలిసింది.

లిటిల్ రివర్ దాటి కొండ ఎక్కుతున్నారు. గాలి విసురుకు కారు పక్కకు ఒరుగుతోంది. వర్షిణి స్టీరింగ్ రెండు చేతులా పట్టుకుని నడుపుతోంది. పక్క సీట్లో భర్త జశ్వంత్ ఫోన్‌లో వైరింగ్ డ్రాయింగులు చూసుకుంటున్నాడు. అతను ఎలక్ట్రీషియన్. తన ఇంటికి తనే వైర్లు లాగాలని ఏడాదిగా కలలు కంటున్నాడు. వెనక సీట్లో కిషన్‌రావు కమలాపండు ఒలుస్తున్నాడు.

"జీన్ మేడమ్‌కు నిన్న సాయంత్రం ఫోన్ జేసిన బిడ్డా," అన్నాడు, ఎండ బాగుందన్నంత మామూలుగా.

వర్షిణి అద్దంలోకి చూసింది. "ఎందుకు?"

"జెప్పాలె గద. పాపం, ఆమె గేటుకు తప్పుడు బోర్డు వెట్టుకున్నది. టూరిస్టులొచ్చి దాని పక్కన నిలబడి ఫోటోలు దిగుతరు. మీ ఫ్రెంచాయన జాగ అక్కడ లేదమ్మా, మా దిక్కున్నదని జెప్పిన."

"ఇంగ్లీషులో చెప్పారా?"

"తెలుగుల జెప్తే ఆమెకు అర్థమైతదా?"

జశ్వంత్ ఫోన్ ఒళ్లో పెట్టుకున్నాడు. "ఏమన్నది బాపూ?"

"ఏమనలే. లైన్ కట్టయిందనుకున్న. తర్వాత, రేపు పొద్దుగాల మీరంత వస్తున్నరా అనడిగింది. వస్తున్నం అన్న."

కొండపైన కారు ఆపే చోటుంది. వర్షిణి అక్కడికి మళ్లించి, బ్రేకు వేసి దిగిపోయింది. కింద హార్బర్ నీళ్లు ఎండకు మెరుస్తున్నాయి. ఆమెకు ఏదీ కనపడలేదు. జుట్టు ముఖం మీద కొట్టుకుంటుంటే కాసేపు అలాగే నిలబడి, తిరిగొచ్చి వెనక తలుపు తెరిచింది.

"మావయ్యగారూ, సోమవారం డిగ్గర్ వస్తోంది. పునాది తవ్వడానికి. గుర్తుందా?"

"ఎందుకు గుర్తులేదు?"

"కౌన్సిల్ వాళ్ల పర్మిషన్ కింద ఏం రాశారో మీకు చదివి వినిపించానా లేదా? 1900కి ముందు మనుషులు బతికిన ఆనవాళ్లున్న చోట తవ్వాలంటే ఇంకో అనుమతి కావాలని. తెలిసి తెలిసీ తవ్వితే నేరమని."

"మరి ఆ అనుమతి గూడ దీస్కుందాం."

"నెలలు పడుతుంది! ఎవరో వచ్చి చూడాలి, రిపోర్టు రాయాలి. అటుపక్క రిక్కార్టన్‌లో మనం అద్దెకుంటున్న ఫ్లాట్‌ను ఓనర్ అమ్మేస్తున్నాడు, క్రిస్మస్‌కల్లా ఖాళీ చెయ్యమన్నాడు. మనం ఎక్కడుండాలి? ఈ కారులోనా?"

కిషన్‌రావు కమలా తొన ఒకటి నోట్లో వేసుకున్నాడు. "తెల్వక కట్టుడు మంచిదా, తెల్సుకొని కట్టుడు మంచిదా? నువ్వే జెప్పు."

"తెలియకపోతే సోమవారం పని మొదలయ్యేది!" అని అరిచింది వర్షిణి. ఆ మాట బయటికొచ్చాక ఆమెకే ఎబ్బెట్టుగా అనిపించింది. ఆమె ఫార్మసిస్టు. తెలియనట్టు నటించి మందు ఇచ్చే రకం కాదు. ఆ చిరాకు కూడా కలిసి తలుపు గట్టిగా వేసింది.

"వర్షా, చిల్," అన్నాడు జశ్వంత్.

"నువ్వు నన్ను చిల్ అనకు. ఆయన ఆర్కైవ్స్‌కి పోతానంటే బస్ కార్డు టాపప్ చేసి ఇచ్చింది ఎవరు?"

వర్షిణి మళ్లీ స్టీరింగ్ ముందు కూర్చుని కారు స్టార్ట్ చేసింది.

*

జీన్ బెల్యర్డ్ తన గేటు దగ్గర కాదు, వీళ్ల గేటు దగ్గర నిలబడి ఉంది. డెబ్బై దాటిన మనిషి. ఎప్పుడూ గమ్‌బూట్లు, మోచేతులు చిరిగిన స్వెటర్. భూమి కొన్న మొదటి వారంలోనే గుడ్లు పట్టుకొచ్చి పలకరించింది. కంచె విరిగితే తన మనుషులను పంపి బాగుచేయించింది. వాగు అవతల ఆమె పాత ఇంట్లో టూరిస్టులకు గదులు అద్దెకిస్తుంది. 'ఫ్రెంచి సెటిలర్ల తొలి ఇల్లు' అన్న పేరు మీదే ఆ గదులు నిండుతాయి.

కిషన్‌రావు కారు దిగీ దిగగానే ప్లానును బానెట్ మీద పరిచాడు. గాలికి ఎగిరిపోకుండా నాలుగు మూలలా కమలాపళ్లు పెట్టాడు.

"మేడమ్, ప్లీజ్ సీ. దిస్ ఈజ్ క్రీక్. దిస్ ఈజ్ యువర్ గ్రాండ్‌ఫాదర్స్ ఫాదర్స్ లైన్..."

జీన్ కాయితం వైపు చూడలేదు. "అక్కర్లేదు కిషన్. నాకు తెలుసు."

"వాట్ యూ నో?"

"అంతా. చిన్నప్పటి నుంచీ తెలుసు."

కిషన్‌రావు వేలు ప్లాను మీద ఎక్కడుందో అక్కడే ఆగిపోయింది. ఆరు వారాలు బస్సులెక్కి, కళ్లద్దాలు మార్చుకుని, ఫ్రెంచి చేతిరాతను అక్షరం అక్షరం కూడబలుక్కుని పట్టుకున్న నిజం. అది పక్కింటావిడకు ముందే తెలుసట. ఆయన ముఖం చూసి వర్షిణికి నవ్వు రావలసింది. రాలేదు.

"రండి," అని జీన్ ముందు నడిచింది. కిషన్‌రావు ప్లాను చేతిలోకి తీసుకుని వెంట నడిచాడు.

చదునులో మూడు వాల్‌నట్ చెట్లున్నాయి. బాగా పాతవి. మొదళ్లు ముడుతలు పడి, కొమ్మలు నేలకు వంగి ఉన్నాయి. అప్పుడప్పుడే లేతాకు వేస్తున్నాయి. ఆ చెట్ల పక్కనే కర్రలు పాతి, వాటికి నారింజ రంగు తాడు కట్టి, ఇల్లు వచ్చే మేర గుర్తుపెట్టారు. జీన్ తాడు దాటకుండా ఇవతలే ఆగింది.

"ఎటియెన్ ఇల్లు ఇక్కడే ఉండేది. మా నాయనమ్మ చూపించింది. అప్పటికే గోడలు పోయాయి, పొయ్యి రాళ్లు మాత్రం ఉండేవి. ఆ ఇంట్లో ఎటియెన్‌తో కాపురం చేసిన మనిషి పేరు మాటా. ఈ తీరం మనిషి, మావోరీ. ఆమె అతని మొదటి భార్య."

"విచ్ ఇయర్ మ్యారేజ్? ఎనీ రిజిస్టర్ ఎంట్రీ?" అన్నాడు కిషన్‌రావు.

"మావయ్యగారూ, కాస్త ఆగండి!"

"ఇద్దరు ఆడపిల్లలు," జీన్ చెప్పుకుపోయింది. "ఒక చలికాలం తట్టు సోకి ఇద్దరూ పోయారు. ఈ చదునులోనే పాతిపెట్టారు. ఒక్కొక్కరికి ఒక చెట్టు నాటారు."

జశ్వంత్ చెట్ల వైపు చూశాడు. "మూడున్నాయి కదా?"

"మూడోది మాటాది. పిల్లల తర్వాత ఎక్కువ కాలం బతకలేదు."

గాలికి తాడు చప్పుడు చేస్తోంది. కిషన్‌రావు ఒక్కసారి తన కాళ్ల కిందకు చూసుకున్నాడు. నెమ్మదిగా రెండడుగులు వెనక్కి వేసి, వంగి, బూట్ల లేసులు విప్పడం మొదలుపెట్టాడు.

"తర్వాత ఎటియెన్ వాగు దాటి వెళ్లిపోయాడు," అంది జీన్. "ఇంగ్లిషు పిల్లను పెళ్లి చేసుకుని అక్కడ ఇల్లు కట్టాడు. మేమంతా ఆమె సంతానం. పలక పెట్టించింది మా నాన్న. ఉన్న చోట పెట్టిస్తే మాటా గురించి కూడా చెప్పాల్సొస్తుంది. ఆ రోజుల్లో మా వాళ్లకు అది చిన్నతనం. అందుకని ఆయన చరిత్రనే వాగు దాటించాడు. ఈ చదునుకి మాత్రం ఎవరూ గడ్డపార తగిలించలేదు. లోయలో పాతవాళ్లందరికీ తెలుసు."

వర్షిణికి ఏజెంటు మాటలు గుర్తొచ్చాయి. చదునైన స్థలం, రోజంతా ఎండ, ఇల్లు కట్టమని పిలుస్తున్నట్టుంది అన్నాడు. ఇంత మంచి చోటును ఇన్నేళ్లూ ఖాళీగా ఎందుకు వదిలేశారో అని ఆమె ఒకసారి అనుకుంది. అది తమ అదృష్టమని సరిపెట్టుకుంది.

"జీన్," అంది. "మా ఇంటి ప్లాను మీ వంటింటి బల్ల మీద పరిచి చూపించాను. కిచెన్ కిటికీ తూర్పుకి పెట్టుకో, పొద్దున ఎండొస్తుందన్నారు మీరు. మీరే అన్నారు! అప్పుడు చెప్పలేదేం?"

"చెబుదామనే అనుకున్నాను. గుడ్లు తెచ్చిన మొదటి రోజు కూడా అందుకే వచ్చాను. ప్రతిసారీ నోటిదాకా వచ్చేది."

"వచ్చి?"

"ఇది చెబితే పలక సంగతి చెప్పాలి. పలక సంగతి చెబితే మా నాన్న అబద్ధమాడాడని చెప్పాలి. నేనూ దాని మీదే బతికానని చెప్పాలి."

"ఒక ఇత్తడి పలక కోసం! సోమవారం ఇక్కడ డిగ్గర్ దిగుతుంది. మీకు తెలుసు. ఆ పిల్లల మీదికి దిగుతుంది. చూస్తూ ఊరుకునేవారా?"

జీన్ స్వెటర్ చేతితో ముఖం తుడుచుకుంది. ఆమె కళ్లలో నీళ్లు గాలికి వచ్చినవో మరోటో వర్షిణికి తెలియలేదు. తెలుసుకునే ఓపికా లేదు. ఒకాయన వద్దన్నది ఊరంతా చెబుతాడు, ఒకామె చెప్పాల్సింది కడుపులో పెట్టుకుంటుంది. ఇద్దరి మధ్యా నలిగేది తన ఇల్లు.

జశ్వంత్ వర్షిణి మోచేయి పట్టుకుని కొంచెం దూరం తీసుకెళ్లాడు. తెలుగులో మాట్లాడుతున్నా గొంతు తగ్గించాడు.

"విను. చెట్లను ముట్టుకోవద్దు. ఇంటిని కొంచెం ఇటు జరుపుదాం. చిన్న అమెండ్‌మెంట్, అంతే."

"ఆ పిల్లలు సరిగ్గా ఎక్కడున్నారో నీకు తెలుసా?"

"చెట్ల కింద అంటున్నది కద ఆమె."

"ఎప్పుడో ముసలామె చెబితే ఈమె విన్నది. చెట్టు పక్కనో, తాడు లోపలో, ఎవరు చూశారు? గుంట తీసేటప్పుడు ఏదైనా బయటపడితే?"

"పడదు."

"పడితే, జశ్?"

అతను తల పక్కకు తిప్పుకున్నాడు. "ఎన్నేండ్లాయె మనం ఈ దేశానికొచ్చి? పాపటోయిటోయిలో ఒక గదిల ఎందరం పడుకున్నం! తర్వాత రిక్కార్టన్‌ల ఫ్లాటు మీద ఫ్లాటు. గోడకు మేకు కొట్టాలన్నా ఓనర్‌ను అడగాలెనా అని ఏడ్చింది నువ్వే. ఇప్పుడు మన సొంత జాగల గూడ అడగాలెనా? ఈ లోయల పాతోళ్లకు తప్ప బయట ఎవ్వరికి తెల్వదు. జీన్ ఇన్నేండ్లు చెప్పలేదు, ఇప్పుడు చెప్తదా? బాపును నేను చూసుకుంట."

"నాకు తెలుసుగా," అంది వర్షిణి.

"ఏంది?"

"నాకు తెలుసు. అది చాలదా? పొద్దున ఆ కిటికీ దగ్గర నిలబడి టీ తాగుతూ ఆ చెట్లనే చూడాలి నేను. రోజూ."

ఆమె ఫోన్ తీసింది. జశ్వంత్ చెయ్యి అడ్డం పెట్టబోయి మానుకున్నాడు. డిగ్గర్ నడిపే డారెన్ వెంటనే ఎత్తాడు. వెనక గొర్రెల అరుపులు వినిపిస్తున్నాయి.

"డారెన్, సోమవారం రావద్దు."

"వానేం లేదుగా. మంగళవారం రమ్మంటారా?"

"మంగళవారం కూడా వద్దు. ఎప్పుడో నేను చెబుతాను."

"ఏమైనా ఇబ్బందా?"

"అవును," అంది. వెంటనే ఫోన్ పెట్టేసింది.

జశ్వంత్ వాగు వైపు వెళ్లిపోయాడు. వెళుతూ వెళుతూ తాడు కట్టిన కర్రనొకదాన్ని కాలితో తన్నాడు. అది ఒరిగింది కానీ పడలేదు. వెనక్కి పిలుద్దామని వర్షిణి అనుకుంది. పిలిచి ఏం చెప్పాలి? తను చేసింది సరైనదేనని తెలుసు. సరైన పని చేస్తే మనసు తేలికవుతుందని ఎవరన్నారో గానీ, ఆమెకు మాత్రం చేతిలో ఉన్న ఇల్లు జారి కింద పడినట్టే ఉంది.

కిషన్‌రావు సాక్సుల కాళ్లతో గడ్డిలో కూర్చుని ఉన్నాడు. ప్లాను చుట్టేసి పక్కన పెట్టాడు. కోడలు దగ్గరికొస్తే తలెత్తాడు.

"గిట్లుంటదని నాకు దెల్వదు బిడ్డా. గీతలు జూసిన, కొలతలు జూసిన. మోకా మీద, గీ మట్టిల, మనుషులుంటరని అనుకోలే."

ఆయన గొంతు అంతగా చిన్నబోగా ఆమె ఎప్పుడూ వినలేదు. పొద్దుటి నుంచీ ఆయన మీద దాచుకున్న మాటలు నాలుక చివర ఉన్నాయి. ఒక్కటీ అనలేకపోయింది. అది ఇంకా చిరాకనిపించింది.

"లేవండి, గడ్డి తడిగా ఉంది. జలుబు చేస్తుంది," అంది.

జీన్ ఇంకా అక్కడే ఉంది. "వర్షిణీ, ఇంకో మాట చెప్పాలి."

"ఇంకా ఉందా?"

"నిన్న కిషన్ ఫోన్ పెట్టేశాక నేనొకరికి ఫోన్ చేశాను. హార్బర్ అవతలి ఒడ్డున ఉంటుంది, నైరీ అని. మాటా చెల్లెలి వంశం వాళ్లు. మా రెండు కుటుంబాలూ మాట్లాడుకోక నా వయసంత అయింది. ఈ చదును సంగతి వాళ్లు మరిచిపోలేదు. వాళ్లు చెప్పేది వేరు."

"ఏం చెబుతారు?"

"ఈ చదునును మాటా తండ్రి ఎవరికీ అమ్మలేదని. ఫ్రెంచి కంపెనీకీ అమ్మలేదు, ఆ తర్వాత వచ్చిన ఇంగ్లిషు వాళ్లకీ అమ్మలేదు. కూతురు కాపురం ఉంటుంది కదా అని అల్లుడిని ఉండమన్నాడు, అంతే. తర్వాత కంపెనీ దాని చుట్టూ గీత గీసి, మేమే ఇచ్చామంది."

కిషన్‌రావు లేవబోతున్నవాడు ఆగాడు. "అంటే..." ఇంగ్లీషు వెతుక్కుని, దొరక్క, కోడలితో తెలుగులోనే అన్నాడు. "తనది గాని జాగను కంపెనీ పట్టా జేసి ఇచ్చింది. ఇయ్యనీకి కంపెనీ ఎవరు బిడ్డా?"

వర్షిణి రెండు చేతులతో తల పట్టుకుంది. "జీన్, మా లాయరు చెప్పాడు. మా టైటిల్‌కి ఏ ఢోకా లేదు. ఎప్పుడు ఎవరు ఏం చేసినా ఇప్పుడిది మాదే. కాదంటారా?"

"అననే అనను. ఎవరూ మీ భూమిని లాక్కోలేరు. నైరీకీ ఆ సంగతి తెలుసు."

"మరి ఆవిడకేం కావాలి?"

"నేను అడగలేదు. వస్తానంది. ఈ పొద్దునే వస్తానంది."

జీన్ చూపు రోడ్డు వైపు ఉంది. వర్షిణి తిరిగి చూసింది. మట్టి దారిలో తెల్లటి కారొకటి నెమ్మదిగా దిగి, వీళ్ల కారు వెనకాల ఆగింది. ముందు ఒక యువతి దిగి, చుట్టూ తిరిగొచ్చి ఇటువైపు తలుపు తెరిచింది. చేతికర్ర, తర్వాత నల్లకోటు, తర్వాత తెల్లటి జుట్టు. ముసలామె మెల్లగా లేచి నిలబడింది. బట్టల మీద ముడతలు సర్దుకుంది. గేటు బార్లా తెరిచే ఉంది. ఆమె దాని దాకా నడిచి వచ్చి, సరిగ్గా బయటే ఆగిపోయింది. మనవరాలు కాబోలు, ఆ యువతి ఒకడుగు వెనక నిలబడింది. ఇద్దరూ చెట్ల వైపు చూస్తున్నారు. లోపలికి రావడం లేదు.

వాగు దగ్గర జశ్వంత్ కూడా తిరిగి చూస్తున్నాడు.

"ఎందుకు ఆగిపోయారు?" అంది వర్షిణి. ఎవరైనా గుమ్మం దగ్గర నిలబడితే ఆమె ఒంట్లో ఏదో తొందర మొదలవుతుంది. తెనాలిలో వాళ్లమ్మ అయితే ఈపాటికి నాలుగుసార్లు రమ్మనేది. ఆమె గేటు వైపు కదిలింది.

జీన్ ఆమె మణికట్టు పట్టుకుంది. "ఆగు. వాళ్ల పద్ధతి వేరు. స్థలం ఎవరిదో, వాళ్ల ఆడమనిషి గొంతెత్తి ముందు పిలవాలి. వచ్చినవాళ్లు ఆ పిలుపు వినేదాకా బయటే నిలబడతారు. విన్నాక బదులిచ్చి, అప్పుడు అడుగుపెడతారు."

"అయితే నేనే కదా పిలవాల్సింది?"

జీన్ చెయ్యి వదిలేసింది. కిషన్‌రావు కోడలి ముఖంలోకి చూశాడు.

ఏ భాషలో పిలవాలి? 'కమ్ ఇన్' అంటే కొట్టులోకి రమ్మన్నట్టుంటుంది. 'రండమ్మా' అనాలనిపించింది. అర్థం కాకపోయినా ఆ మాటే నోట్లోకి వస్తోంది. వర్షిణి గాలి పీల్చుకుని పెదవులు విప్పింది.

అప్పుడు పిలుపు వినిపించింది. సన్నగా మొదలై, పొడుగ్గా సాగి, గాలికి ఎదురొచ్చి చదునంతా కమ్ముకుంది. వినగానే జీన్ తల దించుకుంది. ఒక్క మాటా తెలియకపోయినా అది బదులు కాదని వర్షిణికి అర్థమైంది. తను ఇంకా గొంతెత్తనే లేదు.

గేటు బయట నిలబడ్డ ఆ ముసలామె, వర్షిణిని లోపలికి ఆహ్వానిస్తోంది.